రెండు నిద్రమందులు, పది మంది రోగులు: సగటుల తేడాకు కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ చదివే తీరు

పరిశోధకులు తెచ్చిన డేటాకు లెక్కలు చూసి పెట్టడం, వాళ్లు రాసిన ఫలితాలను సరిచూడటం నా పని. నా ముందుకు ఎక్కువగా వచ్చేది ఒకటే రకం బొమ్మ. రెండు గ్రూపులు, రెండు సగటులు, ఒక్కో సగటుకు పైకీ కిందికీ సాగిన ఒక గీత. ఆ గీతలు ఒకదాని ఎత్తులోకి ఇంకొకటి వస్తే కింద "తేడా లేదు" అని రాసి ఉంటుంది. రాకపోతే "తేడా ఉంది" అని. కానీ తీర్పు చెప్పాల్సిన గీత ఆ బొమ్మలో ఉండదు. అది సగటుల తేడాకు లెక్కకట్టాల్సిన కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే ఎంత నుంచి ఎంత దాకా తేడాలు ఈ డేటాతో పొసుగుతాయో చెప్పే పరిధి. దాన్ని ఏ పద్ధతిలో కట్టాలన్నది డేటాను సేకరించిన తీరును బట్టి ఉంటుంది. ఇంటర్వెల్ వచ్చాక కూడా అందులో సున్నా ఉందా లేదా అని మాత్రమే చూసి వదిలేస్తే, అది చెప్పే విషయంలో సగం వినకుండా వదిలేసినట్టే.

ఈ మాట ఉదాహరణ లేకుండా చెబితే మనసుకెక్కదు. అందుకని ఎవరైనా కాగితం, కాలిక్యులేటర్ పెట్టుకుని సరిచూసుకోగల డేటా ఒకటి తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా విశ్లేషణ ఎలా సాగుతుందో రాస్తున్నాను. నేను కొత్తగా చేరినవాళ్లకు నేర్పేటప్పుడు వాడే కేసు కూడా ఇదే. పది మంది డేటా, ఇరవై అంకెలు. ఇంత చిన్న డేటాలోనే దాదాపు అన్ని చిక్కులూ ఉన్నాయి.

కేసు

ఆర్థర్ కుష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1905లో నిద్రమందుల మీద ఒక వ్యాసం ప్రచురించారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ ఊళ్లోని మానసిక చికిత్సాలయంలో ఉన్న రోగులకు మందులిచ్చి, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో లెక్కపెట్టారు. ఏ మందూ ఇవ్వని రాత్రుల నిద్రనూ లెక్కపెట్టారు. ఒక్కో అంకె ఒక్క రాత్రిది కాదు, కొన్ని రాత్రుల సగటు. మూడేళ్ల తర్వాత, 1908లో, గిన్నిస్ బ్రూవరీలో పనిచేసే విలియం గాసెట్ "స్టూడెంట్" అనే కలంపేరుతో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఇందులోని పది మంది అంకెలనే ఉదాహరణగా వాడుకున్నాడు. ఇప్పుడు మనం టీ-టెస్ట్ అంటున్న, చిన్న డేటాలో సగటులను పోల్చే పద్ధతి పుట్టింది ఆ వ్యాసం నుంచే. 1925లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ కూడా తన పుస్తకంలో ఇవే అంకెలు వాడాడు. ఈ రోజు గణాంకాల లెక్కలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే దాంతో పాటే "స్లీప్" అనే పేరుతో ఈ డేటా వస్తుంది.

మందు వేసుకున్నప్పుడు, వేసుకోనప్పటికన్నా ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారన్నది ఇక్కడి కొలత. ఒకటో రోగి నుంచి పదో రోగి దాకా వరసగా:

మొదటి మందు: 0.7, −1.6, −0.2, −1.2, −0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0

రెండో మందు: 1.9, 0.8, 1.1, 0.1, −0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4

మైనస్ ఉంటే నిద్ర తగ్గిందని అర్థం. మొదటి మందుకు సగటు 0.75 గంటలు, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 1.79. రెండో మందుకు సగటు 2.33 గంటలు, స్టాండర్డ్ డీవియేషన్ 2.00. సగటుల తేడా 1.58 గంటలు, అంటే దాదాపు గంటా ముప్పై అయిదు నిమిషాలు. రెండో మందు మొదటిదానికన్నా మెరుగా, అయితే ఎంత మెరుగు అన్నది మన ప్రశ్న. ప్రశ్నను ఇలా తేడా గురించే అడుగుతున్నామని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇక్కడి నుంచి దారి తప్పడం చాలా తేలిక.

ఒకే బొమ్మ, రెండు వ్యతిరేక తీర్పులు

మొదట అందరూ చేసే పనే చేద్దాం. ఒక్కో మందు సగటుకు విడిగా 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కడదాం. పది మంది ఉన్నారు కాబట్టి టీ పట్టికలో 9 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మనుషుల సంఖ్యకన్నా ఒకటి తక్కువ) దగ్గర దొరికే అంకె 2.262. స్టాండర్డ్ ఎర్రర్‌ను, అంటే సగటులో ఉండే అనిశ్చితి కొలతను, దాంతో గుణిస్తే ఇంటర్వెల్ సగం-వెడల్పు వస్తుంది. మొదటి మందు స్టాండర్డ్ ఎర్రర్ 0.57, దాని ఇంటర్వెల్ −0.53 నుంచి 2.03 దాకా. రెండో మందు స్టాండర్డ్ ఎర్రర్ 0.63, దాని ఇంటర్వెల్ 0.90 నుంచి 3.76 దాకా.

ఈ బొమ్మను ఇద్దరికి చూపిస్తే ఏమవుతుందో చూడండి. మొదటి వ్యక్తి "0.90 నుంచి 2.03 దాకా రెండు ఇంటర్వెల్స్ కలిశాయి, కాబట్టి మందుల మధ్య తేడా లేదు" అంటారు. రెండో వ్యక్తి "మొదటి మందు ఇంటర్వెల్‌లో సున్నా ఉంది, అంటే అది పనిచేసినట్టు తేలలేదు. రెండోదానిలో సున్నా లేదు, అంటే అది పనిచేసింది. కాబట్టి తేడా ఉంది" అంటారు. ఒకే బొమ్మ, ఇద్దరిదీ చూడటానికి సరైన తర్కమే, తీర్పులు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అలా జరిగిందంటే ఇద్దరిలో ఒకరు సరిగ్గా చదివారని కాదు. తేడా గురించిన ప్రశ్నకు ఆ బొమ్మలో జవాబు లేదని.

రెండో వ్యక్తి చేసే పొరపాటు ఎక్కువ ప్రమాదకరం అని నా అభిప్రాయం, ఎందుకంటే అది ప్రచురించిన వ్యాసాల్లో కూడా మర్యాదగా కూర్చుని ఉంటుంది. "చికిత్స గ్రూపులో మార్పు గణనీయం, కంట్రోల్ గ్రూపులో కాదు" అన్న వాక్యం చదవగానే చికిత్స గెలిచిందన్న భావన వస్తుంది. కానీ ఒక్కో గ్రూపును సున్నాతో పోల్చారే తప్ప, రెండు గ్రూపులను ఒకదానితో ఒకటి ఎక్కడా పోల్చలేదు. ఒక గ్రూపు గీత సున్నాను కొద్దిగా దాటి, ఇంకోది కొద్దిగా దాటకపోతే చాలు, సగటులు దాదాపు సమానంగా ఉన్నా ఈ వాక్యం రాసేయొచ్చు.

మొదటి వ్యక్తి పొరపాటు సంగతి అంకెల్లో స్పష్టంగా చూపించవచ్చు. విడివిడి ఇంటర్వెల్స్ కలవకుండా ఉండాలంటే సగటుల మధ్య దూరం రెండు సగం-వెడల్పుల మొత్తం కన్నా ఎక్కువ ఉండాలి. ఇక్కడ అవి 1.28, 1.43. మొత్తం 2.71 గంటలు. అంటే "గీతలు కలవకూడదు" అనే నియమం పెట్టుకున్నవాళ్లు మందుల మధ్య 2.71 గంటల తేడా కనబడితే తప్ప ఒప్పుకోరు. కానీ రెండు స్వతంత్ర సగటుల తేడాలో ఉండే అనిశ్చితి ఆ రెండు అనిశ్చితుల మొత్తం కాదు. స్టాండర్డ్ ఎర్రర్లను నేరుగా కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. 0.57, 0.63 నేరుగా కూడితే 1.20 వస్తుంది. వర్గాల దారిలో వస్తే 0.85 వస్తుంది. ఒక సగటు నిజానికన్నా పైకి, ఇంకోటి నిజానికన్నా కిందికి, రెండూ ఒకేసారి గట్టిగా తప్పడం అరుదు కాబట్టి ఇలా తగ్గుతుంది.

అందుకే రెండు స్వతంత్ర గ్రూపుల్లో 95 శాతం ఇంటర్వెల్స్ ఒకదానితో ఒకటి కలవకపోతే తేడా ఉందన్నది నమ్మదగిన మాటే. కలిస్తే మాత్రం ఏమీ తేలదు. స్టాండర్డ్ ఎర్రర్లు రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు, "కలిశాయా లేదా" అన్న చూపును 5 శాతం స్థాయి పరీక్షలా (నిజంగా తేడా లేనప్పుడు ఉందని పొరబడే అవకాశం 5 శాతం) వాడుకోవాలంటే గీయాల్సింది 95 శాతం కాదు, సుమారు 83-84 శాతం ఇంటర్వెల్స్. అంత తిప్పలు ఎందుకు, తేడాకే ఒక ఇంటర్వెల్ గీస్తే సరిపోతుంది కదా.

తేడాకు మొదటి ఇంటర్వెల్

రెండు గ్రూపులూ వేరువేరు మనుషులవని అనుకుంటే వెల్చ్ పద్ధతి వాడతాం. రెండు గ్రూపుల వ్యాప్తి సమానమని అనుకోనక్కర్లేదు కాబట్టి మామూలుగా నా మొదటి ఎంపిక అదే. తేడా స్టాండర్డ్ ఎర్రర్ 0.85, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 17.8, సగం-వెడల్పు 1.79. తేడా 1.58కి అటూ ఇటూ వేస్తే ఇంటర్వెల్ −0.21 నుంచి 3.37 దాకా వస్తుంది. పీ-వాల్యూ, అంటే నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ కనబడే అవకాశం, 0.079.

చాలా రిపోర్టులు ఇక్కడ ఆగిపోతాయి. "పీ-వాల్యూ 0.05 కన్నా ఎక్కువ, ఇంటర్వెల్‌లో సున్నా ఉంది, కాబట్టి రెండు మందుల ప్రభావం సమానం." ఈ ఇంటర్వెల్‌ను నిమిషాల్లోకి మార్చి చదివితే ఈ వాక్యం ఎంత తప్పో అర్థమవుతుంది. రెండో మందు మొదటిదానికన్నా 12 నిమిషాలు తక్కువ నిద్ర ఇచ్చే అవకాశం నుంచి, 3 గంటల 22 నిమిషాలు ఎక్కువ ఇచ్చే అవకాశం దాకా ఈ లెక్కతో పొసుగుతాయి. మూడు గంటల అదనపు నిద్రను కొట్టిపారేయలేని అధ్యయనం "సమానం" అని ఎలా అంటుంది? అనగలిగింది ఒక్కటే: ఇలా విశ్లేషిస్తే తేల్చలేకపోయాం అని. "తేడా లేదని తేలింది", "తేడా ఉందో లేదో తేలలేదు" అన్న రెండు వాక్యాలకీ ఎంత దూరం ఉందో పీ-వాల్యూ చూపించదు. ఇంటర్వెల్ వెడల్పు చూపిస్తుంది. సమానమని నిజంగా చెప్పాలంటే ఇంటర్వెల్ మొత్తం సున్నా చుట్టూ, పట్టించుకోనక్కర్లేనంత చిన్న పరిధిలో ఇమిడిపోవాలి. నేను సరిచూసే రిపోర్టుల్లో మరీ మరీ దిద్దే వాక్యం ఇదే.

ఇంతకీ ఈ ఇంటర్వెల్ ఈ డేటాకు సరైనది కాదు.

ఇద్దరు కాదు, ఒక్కరే

రెండు వరసల్నీ నిలువుగా, రోగి రోగికీ చూడండి. ఆరో రోగి మొదటి మందుతో 3.4 గంటలు ఎక్కువ నిద్రపోయారు, రెండోదానితో 4.4. ఏడో రోగి 3.7, 5.5. అంటే ఏ మందుకైనా బాగా స్పందించే మనుషులు. నాలుగో రోగికి మొదటి మందుతో గంటకు పైగా నిద్ర తగ్గింది, రెండోదానితో పెరిగింది 0.1 మాత్రమే. అయిదో రోగికి ఏది ఇచ్చినా −0.1. పై వరసలో ఎక్కువ ఉన్నవాళ్లకే కింది వరసలోనూ ఎక్కువ ఉంది, ఎందుకంటే రెండు వరసల్లోనూ ఉన్నది ఆ పది మందే. రెండు వరసల మధ్య కోరిలేషన్ (రెండూ కలిసి పెరిగే, తగ్గే తీరుకు కొలత; పూర్తిగా కలిస్తే 1, సంబంధం లేకపోతే సున్నా) 0.80 దాకా ఉంది. వెల్చ్ లెక్క దాన్ని సున్నా అనుకుంటుంది.

ఆర్‌లో ఈ డేటాకు మందు కాలమ్ పేరు "గ్రూప్" అని ఉంటుంది. ఇవి రెండు గ్రూపులు కావు, పది మంది మనుషుల కొలతలు, ఆ పేరు తప్పుదారి పట్టించవచ్చని దాని సహాయ పేజీలోనే హెచ్చరిక ఉంది. ఫైల్‌లో కాలమ్ పేరు చూసి పద్ధతి ఎంచుకోవడం ఎంత మామూలైపోయిందో ఆ హెచ్చరికే చెబుతోంది. నేను మాత్రం ఎవరు డేటా తెచ్చినా మొదట అడిగేది "ఈ వరసలో ఉన్న మనిషే ఆ వరసలోనూ ఉన్నారా?" అని.

ఇంకో లోతైన సంగతి ఉంది. ఒకటో రోగి మందు లేని రాత్రుల్లో సగటున 0.6 గంట నిద్రపోయారు, మొదటి మందుతో 1.3, రెండోదానితో 2.5. పట్టికలోని 0.7, 1.9 ఆ 0.6ను తీసేయగా మిగిలినవి. అంటే ఒక్కో రోగి విషయంలో రెండు వరసల్లోనూ తీసేసిన అంకె ఒకటే. ఆ మందు లేని రాత్రుల లెక్క ఏ కారణం వల్లనైనా నిజానికన్నా తక్కువ పడి ఉంటే, రెండు వరసల్లోనూ ఆ రోగి అంకెలు ఒకేలా పెరుగుతాయి. విడివిడి సగటులూ వాటి ఇంటర్వెల్సూ ఆ తప్పును మోస్తాయి. ఒకే రోగి రెండు అంకెల తేడా తీసినప్పుడు మాత్రం ఆ 0.6 పూర్తిగా ఎగిరిపోతుంది. 2.5లోంచి 1.3 తీస్తే 1.2, 1.9లోంచి 0.7 తీసినా 1.2.

ఇలా ఒక్కో మనిషి రెండు అంకెల్నీ జతగా తీసుకుని తేడా చూడటమే జతల పద్ధతి. అలా పది మందికీ తేడాలు తీస్తే: 1.2, 2.4, 1.3, 1.3, 0.0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. ఒక్కటి కూడా మైనస్‌లో లేదు. లెక్కలేవీ చేయకముందే ఈ ఒక్క వరస ఎంతో చెబుతుంది. ఈ పది అంకెల సగటు మళ్లీ 1.58 గంటలే, అది మారదు. మారేది స్టాండర్డ్ డీవియేషన్. అది 1.23. స్టాండర్డ్ ఎర్రర్ 0.39. సగం-వెడల్పు 0.88. తేడాకు 95 శాతం ఇంటర్వెల్ 0.70 నుంచి 2.46 గంటలు. 99 శాతానికి పెంచినా 0.32 నుంచి 2.84, సున్నా దరిదాపుల్లోకి రాదు.

మూడు అడ్డంకులు పక్కపక్కన పెడితే కేసు మొత్తం కనబడుతుంది. గీతలు కలవకూడదన్న నియమానికి 2.71 గంటల తేడా కావాలి. వెల్చ్‌కు 1.79 కావాలి. జతల లెక్కకు 0.88 చాలు. కనబడిన తేడా 1.58. డేటా అదే, మనుషులు వాళ్లే, సగటులు అవే. మొదటి రెండింటితో "తేడా లేదు" అనుకుని వదిలేసే ఫలితం మూడోదానితో గట్టిగా నిలబడుతుంది. నచ్చిన జవాబు వచ్చేదాకా పద్ధతులు మార్చుకుంటూ పోవడమని దీన్ని అనుకోకూడదు. ప్రయోగం జరిగిన తీరు జతల పద్ధతినే కోరుతుంది. ఆ ఎంపిక ఫలితం చూడకముందే జరిగిపోవాలి. జతలు లేని చోట జతలు కల్పించి ఇంటర్వెల్‌ను ఇరుకు చేయడం అంతకన్నా పెద్ద తప్పు.

95 శాతం అన్న మాటకు అర్థం

0.70 నుంచి 2.46 అని రాయగానే వచ్చే తర్వాతి వాక్యం దగ్గర చాలామంది తడబడతారు. "95 శాతం రోగులకు 0.70 నుంచి 2.46 గంటల అదనపు లాభం ఉంటుంది" అని రాస్తారు. ఇది సగటు గురించిన ఇంటర్వెల్, మనుషుల గురించినది కాదు. మన పది మందిలోనే ఇద్దరు దీని బయట ఉన్నారు, 0.0తో ఒకరు, 4.6తో ఒకరు. కొత్తగా వచ్చే ఒక్క రోగికి తేడా ఎంత ఉండొచ్చన్నది అడిగితే దానికి వేరే లెక్క ఉంది. అది −1.34 నుంచి 4.50 దాకా వస్తుంది. అంటే సగటున రెండో మందు మెరుగని నమ్మకంగా చెప్పగలం, కానీ ఎదురుగా కూర్చున్న ఒక రోగికి అది మెరుగవుతుందని మాట ఇవ్వలేం. డాక్టర్లకు రాసే రిపోర్టులో ఈ రెండు ఇంటర్వెల్సూ పక్కపక్కన పెట్టడం నాకు అలవాటు. రోగుల సంఖ్య పెంచుకుంటూ పోతే మొదటిది ఇరుకవుతూ పోతుంది. రెండోది ఒక హద్దు దాటి ఇరుకవ్వదు, ఎందుకంటే మనుషుల మధ్య ఉండే తేడాలు నిజమైనవి.

ఇంకో వాక్యం: "అసలు తేడా 0.70, 2.46 మధ్య ఉండే అవకాశం 95 శాతం." ఇది వినడానికి సహజంగా ఉంటుంది, దాదాపు అందరూ ఇలాగే అర్థం చేసుకుంటారు. గణాంక శాస్త్రవేత్త జెర్జీ నేమన్ 1937లో ఈ పద్ధతికి పూర్తి సిద్ధాంతం రాసినప్పుడు చెప్పింది ఇది కాదు. అసలు తేడా ఒక స్థిరమైన అంకె, మనకు తెలియదంతే. మారేది ఇంటర్వెల్. ఇదే పద్ధతిలో, ఇదే రకం రోగులతో, ఇలాంటి అధ్యయనాలు మళ్లీ మళ్లీ చేసి ప్రతిసారీ ఇంటర్వెల్ కడితే వందకు సుమారు 95 సార్లు ఆ అసలు అంకె లోపల పడుతుంది. 95 శాతం అన్నది ఈ కట్టే పద్ధతికి ఉన్న గుణం. మన చేతిలో ఉన్న ఒక్క ఇంటర్వెల్ అసలు అంకెను పట్టుకుందో లేదో మనకు తెలియదు.

ఇది పంతుళ్ల పట్టింపు అనిపించవచ్చు. కానీ ఈ కేసులోనే చరిత్ర ఒక ఉదాహరణ ఇచ్చింది. గాసెట్ 1908లో ఈ అంకెలకు లెక్క వేసి, రెండో మందు మెరుగైనదని చెప్పడానికి పందెం సుమారు 666కు 1 అని రాశాడు. అంటే రెండో మందు మెరుగన్న విషయానికే ఒక సంభావ్యత అంటగట్టాడు. అలా చెప్పాలంటే డేటా చూడకముందు తేడా గురించి మనం ఏమనుకుంటున్నామో కూడా లెక్కలోకి రావాలి, అది బేయెస్ దారి. ముందు ఏ అభిప్రాయమూ లేదన్నట్టుగా లెక్క మొదలుపెడితే ఆ దారిలోనూ ఇక్కడ అవే అంకెలు, 0.70 నుంచి 2.46, వస్తాయి. కానీ ఇలాంటి మందుల గురించి ముందే ఎంతో తెలిసి ఉన్న రోజున అలా మొదలుపెట్టడం సరికాదు. కాబట్టి నేను "అవకాశం 95 శాతం" అని రాయను. "ఈ డేటాతో బాగా పొసిగే సగటు తేడాలు 0.70 నుంచి 2.46 గంటల దాకా" అని రాస్తాను. ఇది సిద్ధాంతానికి ద్రోహం చేయదు, చదివేవాళ్లకు అర్థమవుతుంది.

ఆ పరిధిలోని అంకెలన్నీ సమానంగా పొసగవన్నది కూడా చెప్పాలి. 1.58 చుట్టుపక్కల ఉన్నవి బాగా పొసుగుతాయి, అంచుల దగ్గరికి వెళ్లేకొద్దీ తగ్గుతూ పోతాయి. 0.70 లోపల, 0.69 బయట అని గోడ ఏమీ లేదు.

అంచులు చదవడం

సున్నా బయట ఉందని చూసి ఊరుకోకుండా ఇప్పుడు రెండు అంచుల్నీ నిమిషాల్లోకి మారుద్దాం. కింది అంచు 42 నిమిషాలు. పై అంచు 2 గంటల 28 నిమిషాలు. ఇక్కడి నుంచి ప్రశ్న లెక్కల మనిషిది కాదు, వైద్యుడిది. ఒక మందు బదులు ఇంకోటి రాయడానికి కనీసం ఎంత అదనపు నిద్ర ఉండాలి? అరగంట చాలంటే, కింది అంచు కూడా దాన్ని దాటింది కాబట్టి నిర్ణయం సులువు. కనీసం గంట ఉండాలంటే సులువు కాదు: ఇంటర్వెల్‌లో కొంత భాగం గంట కింద, ఎక్కువ భాగం గంట పైన ఉంది. రెండు గంటలు ఉండాలంటే ఈ డేటా దాన్ని కాదనదు, ఔననదు. సున్నా ఉందా లేదా అని చూడటం ఈ మూడు సందర్భాల్నీ ఒకే గాటన కట్టేస్తుంది. ఆ కనీస తేడా ఎంతో డేటా రాకముందే రాసిపెట్టమని అడుగుతాను. వచ్చాక అడిగితే జవాబు ఎప్పుడూ ఇంటర్వెల్‌కు అనుకూలంగానే వస్తుంది.

తొమ్మిదో రోగి

తేడాల వరసలో 4.6 అందరి కళ్లలోనూ పడుతుంది. మొదటి మందుతో ఏ మార్పూ లేని మనిషి రెండోదానితో 4.6 గంటలు ఎక్కువ నిద్రపోయారు. మిగతా తొమ్మిది మందిలో అత్యధిక తేడా 2.4. ఆ ఒక్కరి వల్లే ఫలితం వచ్చిందేమోనన్న అనుమానం న్యాయమైనదే, కాబట్టి ఆ రోగిని పక్కన పెట్టి లెక్క మళ్లీ వేయాలి. తొమ్మిది మందితో సగటు తేడా 1.58 నుంచి 1.24కు పడిపోయింది. స్టాండర్డ్ డీవియేషన్ మాత్రం 1.23 నుంచి 0.66కు పడిపోయింది. కొత్త ఇంటర్వెల్ 0.74 నుంచి 1.75. కింది అంచు తగ్గకపోగా కొంచెం పెరిగింది.

తేడా ఉందన్న మాటకు తొమ్మిదో రోగి ఆధారం కాదు, ఆ రోగి లేకపోతే అది ఇంకా గట్టిపడుతుంది. తేడా ఎంత పెద్దదన్న మాటకు మాత్రం ఆ రోగి చాలా ముఖ్యం. పై అంచు 2.46 నుంచి 1.75కు దిగింది, అంటే నలభై నిమిషాలకు పైగా. కాబట్టి రెండు గంటలకు పైగా లాభం ఉండొచ్చన్న ఆశ చాలా వరకు ఒక్క మనిషి మీద నిలబడి ఉంది. ఆ రోగిని తీసేసి రిపోర్టు ఇవ్వాలని నేను అనను. తీయడానికి కొలతలో పొరపాటు జరిగిందన్న ఆధారం ఏదీ లేదు. ఆ రోగి ఉన్న లెక్కే అసలు ఫలితం, లేని లెక్క దాని పక్కన ఒక వాక్యం.

ఇంటర్వెల్ చూడలేనివి

ఈ ఇంటర్వెల్ లెక్కలోకి తీసుకునేది ఒక్క రకం అనిశ్చితిని: ఈ పది మంది బదులు ఇలాంటి మరో పది మంది అయితే ఎంత మారేదన్నది. ఏ మందు ముందు ఇచ్చారు, ఏది తర్వాత ఇచ్చారు, నిద్రను లెక్కపెట్టినవాళ్లకు ఆ రాత్రి ఏ మందు ఇచ్చారో తెలుసా, ఈ పది మంది ఎలాంటి రోగులకు ప్రతినిధులు అన్నవి దాని పరిధిలో లేవు. ఒక చికిత్సాలయంలోని రోగుల నుంచి వచ్చిన 0.70-2.46ను ఇంట్లో నిద్రపట్టని మామూలు మనిషికి అంటగట్టడానికి ఏ ఫార్ములా అనుమతివ్వదు.

మందుల పేర్ల విషయంలో ఈ డేటాకే ఒక కథ ఉంది. గాసెట్ తన పట్టికలో ఈ రెండింటినీ హయోసయమైన్ అనే ఒకే మందు తాలూకు రెండు రూపాలుగా రాశాడు. ఫిషర్ కూడా అలాగే తీసుకున్నాడు. అసలు కుష్నీ, పీబుల్స్ వ్యాసంలో ఆ అంకెలు రెండు వేరువేరు మందులవి, హయోసయమైన్, హయోసిన్. లెక్కలో ఒక్క దశాంశం కూడా తప్పు లేదు, ఇంటర్వెల్ సరైనదే. కానీ అది దేని గురించిన తేడా అన్నది తప్పుగా రాసి ఉంది. అందుకే ఏ డేటా వచ్చినా మూలం దాకా వెళ్లి కాలమ్ దేనిదో సరిచూసుకోవాలి. ఇంటర్వెల్ ఎంత ఇరుగ్గా ఉన్నా ఈ పనికి అది బదులు కాదు.

రిపోర్టులో రాసేది

ఈ కేసుకు ఫలితాల పేరా నేనైతే ఇలా రాస్తాను: "పది మంది రోగుల్లో ప్రతి ఒక్కరికీ రెండు మందులూ ఇచ్చి పోల్చగా, మొదటి మందుకన్నా రెండో మందుతో సగటున 1.58 గంటలు ఎక్కువ నిద్ర వచ్చింది (95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.70 నుంచి 2.46, జతల పద్ధతి). రోగుల వారీ తేడాలు 0.0 నుంచి 4.6 గంటల దాకా ఉన్నాయి. అత్యధిక తేడా ఉన్న ఒక రోగిని మినహాయిస్తే సగటు తేడా 1.24 గంటలు (0.74 నుంచి 1.75)." బొమ్మ పెట్టాలనుకుంటే రెండు సగటుల గీతలు వేయను. పది మంది తేడాల్ని పది చుక్కలుగా పెట్టి, పక్కన తేడా ఇంటర్వెల్ ఒక్కటే గీస్తాను, సున్నా దగ్గర ఒక సన్నటి గీతతో.

తర్వాతి అధ్యయనం

ఈ ఫలితం చూసి ఎవరైనా మరింత కచ్చితంగా, అటూ ఇటూ అరగంట లోపల తేడాను తెలుసుకోవాలనుకున్నారనుకుందాం. స్టాండర్డ్ డీవియేషన్ 1.23 అనుకుని జతల పద్ధతిలో లెక్కవేస్తే 26 మంది రోగులు సరిపోతారు. అదే కచ్చితత్వం వేరువేరు మనుషుల రెండు గ్రూపులతో కావాలంటే ఒక్కో గ్రూపుకు సుమారు 112 మంది కావాలి, మొత్తం దాదాపు 225. ఒకే మనిషికి రెండు మందులూ ఇవ్వగలిగితే కలిసొచ్చేది ఇంత. మొదటి మందు ప్రభావం రెండోదాని రాత్రుల్లోకి పాకకుండా మధ్యలో తగిన విరామం ఉండాలన్న షరతు మాత్రం తప్పదు.

26 అన్న అంకెను కూడా రాతిమీద రాత అనుకోకూడదు. ఆ 1.23 వచ్చింది పది మంది నుంచే. దానికీ 95 శాతం ఇంటర్వెల్ కడితే 0.85 నుంచి 2.25 దాకా వస్తుంది. అసలు వ్యాప్తి పై అంచు దగ్గర ఉంటే 26 మందికి బదులు 80 మంది దాకా కావాలి. కాబట్టి నేను ప్లాన్‌లో రెండు అంకెలూ పెట్టి, మొదటి ఇరవై మంది వచ్చాక తేడాల స్టాండర్డ్ డీవియేషన్ ఒక్కటే, సగటులు చూడకుండా, లెక్కకట్టి మొత్తం సంఖ్యను సరిచేసుకోమని రాస్తాను.